రెండు సంతల గడువు

పలమనేరు ఆసుపత్రిలో నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన డాక్టరమ్మాయి పోయిన నెల మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగుతూ, "ఈ ఉద్యోగంలో ముఖ్యంగా తెలుసుకోవలసింది ఏమిటి మేడం?" అని అడిగింది. బాగా చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. మందుల సరఫరా గురించో, కొత్త మిషన్ల గురించో చెబుతాననుకుని, రాసుకోవడానికి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది.

"పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరూ ముందుగా రారమ్మా" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది కానీ రాసుకోలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా సర్కారు పళ్ళ డాక్టరుగా గడిచింది. మధ్యలో చిత్తూరుకు బదిలీ చేశారు, తిరుపతికి చేశారు, మళ్ళీ తెచ్చి పలమనేరులోనే పడేశారు. ఆ ఆర్డర్లన్నీ బీరువాలో ఉన్నాయి, చెదలకు తప్ప ఎవరికీ పనికిరావు. ఇక్కడ నేను రాసేది మనుషులు నోరు తెరిచేముందు చెప్పే మాటల గురించి. పుస్తకాల్లో నోరు తెరిచాక కనిపించేవే ఉంటాయి.

మన దగ్గరికి వచ్చే దారి

పన్ను నొప్పి మొదలైన మనిషి ముందు వంటింట్లోకి వెళ్తాడు. లవంగం పెట్టుకుంటాడు. రాత్రి గడుస్తుంది. పొద్దున పక్కింటావిడ వచ్చి ఉప్పునీళ్ళు పుక్కిలించమంటుంది. వాళ్ళత్త వచ్చి దవడకు సున్నం పూస్తుంది. మేనమామ వచ్చి, పంటిలో పురుగుంది, వాకుడు గింజల పొగ పట్టాలంటాడు. నిప్పుల మీద గింజలు వేసి, పైన కొబ్బరిచిప్ప బోర్లించి, దాని కన్నంలోంచి నోట్లోకి పొగ పట్టిస్తారు. చిప్పలోంచి తెల్లటి పురుగులాంటిది రాలుతుంది. అది వేడికి గింజలోంచి ఊడిపడిన మొలక. ఒకాయన ఆ మొలకను కాగితంలో చుట్టి నాకు తెచ్చి చూపించాడు. "పురుగొచ్చేసినాది డాక్టరమ్మా. రంధ్రం ఒగటి మిగిలింది, అది మూసిస్తే సాలు" అన్నాడు. కష్టమైన పని ఇంట్లోనే అయిపోయిందని, నాకు తాపీపని మాత్రం మిగిల్చానని ఆయన నమ్మకం.

ఈ మజిలీలన్నీ అయ్యాక, మందుల షాపులో రంగురంగుల బిళ్ళలు మింగాక, మొహం ఒక పక్క బూరెలా పొంగాక మన దగ్గరికి వస్తారు. వచ్చి, "బిన్నా సూడండి, బస్సుకు టైమైంది" అంటారు.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అర్థమైంది. వంటింట్లో లవంగం ఉంది, భార్య ఉంది, తల్లి ఉంది. నా దగ్గరేమో సూది ఉంది. ఆ స్థానంలో ఉంటే నేనైనా వంటింట్లోకే వెళ్ళేదాన్ని.

చిట్కాల మీద నా తీర్పు

గోరువెచ్చని ఉప్పునీళ్ళు మంచివి. చిగుళ్ళు వాచినా, పన్ను తీయించుకున్న మర్నాటి నుంచీ, నేనే రాసిచ్చేదాన్ని. మందుల చీటీ మీద "ఉప్పునీళ్ళు" అని ఉంటే మాత్రం రోగి మొహం చిన్నబోయేది. ఇంట్లో తల్లి చెబితే వైద్యం, డాక్టరు చెబితే మోసం. అదే ఉప్పును చిన్న పొట్లం కట్టి ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుపోయేవాళ్ళు.

వేపపుల్ల కూడా మంచిదే. కుంచెలా మెత్తగా నమిలి, మెల్లగా తోమాలి. మనవాళ్ళు దాన్ని రంపంలా వాడతారు. నూనె పుక్కిలిస్తే కీడు లేదు, కానీ అది బ్రష్షు చేసే పని చెయ్యదు. బొగ్గు, ఇటుకపొడి, బూడిద పళ్ళను అరగదీస్తాయి. రేణిగుంటలో గోడౌన్ పని చేసే పెళ్ళికొడుకు ఒకడు ఫోన్లో వీడియో చూసి, పెళ్ళికి పళ్ళు తెల్లబడాలని నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దాడు. ముహూర్తం నాటికి పైన తెల్లటి పొర అరిగి లోపలి పసుపు బయటపడింది. చల్లనీళ్ళు తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పెళ్ళి ఫోటోల్లో అత్తగారింటివాళ్ళు ఆ కన్నీళ్ళు చూసి అల్లుడిది మెత్తని మనసు అనుకున్నారట.

ఇక లవంగం. నేను ఎక్కువగా భయపడింది లవంగానికే, ఎందుకంటే అది పనిచేస్తుంది. నొప్పిని కాసేపు ఆపుతుంది. ఆగింది కదా అని మనిషి పని చూసుకుంటాడు. లోపల పుచ్చు నరం దాకా వెళ్తుంది, నరం చచ్చిపోతుంది, నొప్పి పూర్తిగా పోతుంది. అప్పుడు లవంగానికి ఊరంతా పేరొస్తుంది. కొన్నాళ్ళకు చీము పట్టి నా దగ్గరికి వస్తే, పన్ను పీకిన చెడ్డపేరు నాకొస్తుంది.

ఏ మాత్రం పనిచెయ్యని చిట్కా వల్ల పెద్ద ప్రమాదం లేదు. రెండు రోజుల్లో విసుగొచ్చి డాక్టరు దగ్గరికి వస్తారు. సగం పనిచేసే చిట్కాతోనే ప్రమాదం, అక్కడే మన వృత్తి ఉంది.

పెద్దాయన నేర్పిన ప్రశ్న

నేను చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు చిత్తూరు పక్క మనిషి. ఆయనకు పళ్ళ గురించి ఏమీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆయన దవడ పన్ను ఒకటి పుచ్చిపోయి ఉంటే దానికింద లవంగం పెట్టుకుని రౌండ్లకు వచ్చేవాడు. "సార్, ఒక్కసారి కూర్చోండి" అని నా కుర్చీ చూపిస్తే, "నువ్వు సేరకముందు నుంచీ ఉండాది తల్లీ ఈ పన్ను, గమ్మునుండనీ" అనేవాడు. చివరికి అది మూడు ముక్కలై ఊడి వచ్చింది. అదీ సమీక్షా సమావేశంలో, బొరుగులు నమిలేటప్పుడు.

అటువంటి ఆయన నాకు మా కాలేజీలో ఎవరూ నేర్పనిది నేర్పాడు. ఒక రైతు నా ముందు కూర్చుని ఉన్నాడు. పళ్ళన్నీ గోధుమరంగు. చొక్కా జేబులోంచి పొగాకు సంచి తాడు వేలాడుతోంది. "పొగాకు నములుతావా?" అని అడిగితే, "అబ్బే, నాకు ఆ వాసనే పడదు డాక్టరమ్మా" అన్నాడు. నేను గొంతు పెంచాను. ఆయనా పెంచాడు.

అటుగా పోతున్న పెద్దాయన తలుపు దగ్గర ఆగి, తాపీగా, "ఏమప్పా, ఈ మాట కాణిపాకంలో సెప్తావా?" అన్నాడు.

రైతు నేల చూశాడు. "అంటే... ఎప్పుడన్నా, ఎవురిదన్నా పెండ్లయితే..."

"మీ ఊర్లో దినామూ పెండ్లేనా?"

"దినామూనే" అని ఒప్పుకున్నాడు.

మా పక్క సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గట్టు తగాదా తేలకపోయినా, తాగుడు మానాలన్నా, దొంగతనం మోపితే కాదనాలన్నా, మావాళ్ళు కాణిపాకం వెళ్ళి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తారు. కోర్టులో అబద్ధం చెబుతారు, డాక్టరుకు చెబుతారు, పెళ్ళాం సంగతి సరేసరి. అక్కడ మాత్రం చెప్పరు. ఆ రోజు నుంచి నేను గొంతు పెంచడం మానేశాను. నా చేతిలోని ఏ పనిముట్టూ ఆ ఒక్క ప్రశ్న బయటికి లాగినన్ని నిజాలు లాగలేదు.

పళ్ళపొడి మునిరత్నం

మా ఊరి వారపు సంతలో గొడుగు కింద పళ్ళపొడి అమ్మే మునిరత్నం నాకు పోటీదారు. నాకంటే ఆయన దగ్గరే జనం ఎక్కువ. నిండు నీళ్ళ బకెట్టు తాడును పళ్ళతో పట్టి ఎత్తి, నడుము మీద చేతులు పెట్టుకుని చుట్టూ ఒక రౌండు తిరిగేవాడు. దించాక, "ఆసుపత్రి ఆ తట్టు ఉండాది, నా పొడి ఈ తట్టు ఉండాది. పండ్లు పీకించుకునేవాళ్ళు ఆ తట్టు పోండి, నిలుపుకునేవాళ్ళు ఈ తట్టు రాండి!" అని అరిచేవాడు. నేను కూరగాయల సంచితో అక్కడే నిలబడి ఉన్నా అరిచేవాడు. ఇద్దరికీ నవ్వొచ్చేది.

ఒకసారి ఉచితంగా ఒక పొట్లం ఇచ్చాడు. మళ్ళీ కలిసినప్పుడు, "మునిరత్నమన్నా, నీ పొడితో ఇత్తడి చెంబు తోమితే భలే మెరిసింది" అన్నాను. ఎత్తిపొడిచానని అనుకున్నాను. ఆయన వెంటనే జనం వైపు తిరిగి, "ఇన్నారా! డాక్టరమ్మే సెప్తాండాది. ఇత్తడే మెరిస్తే ఇంక పండ్లు మెరవవా!" అన్నాడు. ఆ రోజు అమ్మకం బాగా జరిగింది.

తర్వాత కొన్నేళ్ళకు బకెట్టు ఎత్తడం మానేశాడు. నడుము నొప్పి అన్నాడు. ఆ తర్వాత ఆయన భార్య రాజమ్మ మా ఓపీకి వచ్చింది, ఒంటరిగా.

"మా ఇంటాయన సంగటి మింగలేకుండా ఉండాడు డాక్టరమ్మా. సెంప లోపల పుండు. వేడి జేసిందని దినామూ కామంచాకు పప్పు జేసి పెడతాండా. మానలా."

కామంచాకు మా పక్క నోటిపూతకు ఇంటింటి మందు. అరవ పక్కవాళ్ళు మణత్తక్కాళి అంటారు. మామూలు నోటిపూత దానితో మానుతుంది, నిజం చెప్పాలంటే అది లేకపోయినా మానుతుంది.

"ఎన్నాళ్ళయింది?"

"మామిడికాయలు దిగినప్పుడు మొదలైంది. ఇప్పుడు సీతాఫలాలు వచ్చినాయి."

"నొప్పి ఉందా?"

"అదే గదా మంచిది. నొప్పి రవ్వంత గూడా లేదంట."

నొప్పి ఉన్న పంటికి నేనెప్పుడూ భయపడలేదు, నొప్పే దాన్ని నా దాకా తోలుకొస్తుంది. నొప్పి లేని పుండు ఇంట్లోనే కూర్చుంటుంది. దాని కోసమే ఓపీ గోడకు మేకు కొట్టి నేను పోస్టరు తగిలించాను: "నోటిలో పుండు రెండు వారాలలో మానకపోతే వెంటనే డాక్టరును సంప్రదించండి." అది వెలిసిపోతే కొత్తది తగిలించేదాన్ని. జనం దాని మేకుకు సంచులు తగిలించేవాళ్ళు. దాని కిందే బల్ల మీద, నోట్లో పుండు పెట్టుకుని, కాలి పుండు చూపించుకోవడానికి కూర్చునేవాళ్ళు.

"ఆయన్ని వెంటనే తీసుకురా" అన్నాను.

"రాడు. పండ్ల పొడి అమ్మేవాడే పండ్ల డాక్టరు తావకు పోతే సంతలో తల యాడ పెట్టుకునేది అంటాడు."

సంత లేని రోజు చూసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, వెనక గేటులోంచి వచ్చాడు. వెనకాలే రాజమ్మ.

"నేను రోగిగా రాలా డాక్టరమ్మా. దావన పోతా వచ్చినా."

"దావన పోయేవాడివి కాస్త నోరు తెరువు."

ఎడమ చెంప లోపల ఉంది పుండు. చుట్టూ తెల్లటి మచ్చ. అంచులు వేలికి గట్టిగా తగిలాయి. ఆ గట్టిదనం తగిలాక నాకు అనుమానం పెద్దగా మిగల్లేదు. బకెట్టు ఎత్తిన ఆ మనిషిని, నన్ను ఆటపట్టించిన ఆ మనిషిని చూస్తూ మామూలుగా మొహం పెట్టుకోవడం చాలా కష్టమైంది.

"పొగాకు?"

"బీడీ మానేసి శానా కాలమైంది. కాణిపాకంలో ప్రమాణం జేసి మానేసినా. రాజమ్మే సాక్షి."

రాజమ్మ తలూపింది. గర్వంగానే ఊపింది.

"నీ పొడిలో ఏమేమి వేస్తావు?"

సంతలో చెప్పినట్టే చెప్పాడు. "ఉప్పు, లవంగం, పటిక, కరక్కాయ, తుమ్మబెరడు. అంతా మన సెట్టూ సేమా. కెమికల్ అనేదే లే."

"అంతేనా?"

"అంతే."

"కాణిపాకంలో చెప్తావా?"

రాజమ్మ ఆయన వైపు తిరిగింది. ఆయన తువ్వాలు తీసి మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"రవ్వంత... కాల్సిన పొగాకు. పట్టు కోసరం. అది లేకుంటే రెండో పొట్లానికి ఎవురూ తిరిగి రారు."

"నువ్వూ అదే పెట్టుకుంటావా?"

"బీడీ మానేసినాక గుబులుగా ఉండె. సెంపలో రవ్వంత పెట్టుకుంటే పోతా ఉండె. నిద్దట్లో గూడా ఉంటాది."

రాజమ్మ లేచి నిలబడింది. "అయితే నువ్వు మానింది యాడ? బీడీ బయట కాల్సినావు, ఇప్పుడు నోట్లో పొయ్యి పెట్టుకున్నావు! నేను ఆకు కోసం సేన్ల గట్లెంబడి తిరగతాంటే సూస్తా కూసున్నావే!"

ముక్క తీసి పరీక్ష చేయాలని, తిరుపతి పెద్దాసుపత్రికి రేపే వెళ్ళాలని చెప్పాను. అక్కడ మొండికేశాడు.

"కత్తి తగిలితే పాకతాదంట. మా సిన్నాయన అట్లే పోయినాడు. కోసినారు, ఆర్నెల్లు తిరక్కముందే పోయినాడు."

"మీ చిన్నాయన ఎప్పుడు వెళ్ళాడు డాక్టరు దగ్గరికి?"

"నోరు తెరుసుకోకుండా అయినాక."

"మరి తప్పు కత్తిదా?"

తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నన్ను అడిగితివి గదా డాక్టరమ్మా. ఇప్పుడు నేనడగతా. ముక్క తీసి, కోసి, మీరు సెప్పిందంతా జేస్తే నేను బతకతానని కాణిపాకంలో సెప్తావా?"

ఎంతోమందిని అడిగిన ప్రశ్న. ఎవరూ దాన్ని నా మీదికి తిప్పలేదు. మామూలుగా డాక్టర్లందరం అనే మాట ఒకటుంది, ఏం కాదులే అని. అది నా నాలుక చివర దాకా వచ్చింది. రాజమ్మ ఆ మాట కోసమే నా నోటి వైపు చూస్తోంది.

"చెప్పలేను అన్నా" అన్నాను. "తిరుపతి పోకుండా కామంచాకు పప్పు తింటూ ఇంట్లో కూర్చుంటే బతకవని మాత్రం చెప్తాను. రేపు పొద్దున కాణిపాకం రమ్మన్నా వచ్చి చెప్తాను."

రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునిరత్నం నన్ను చాలాసేపు చూశాడు. సంతలో బేరగాడు సరుకు నాణ్యం చూసే చూపు అది.

"తిరుపతి బస్సు పొద్దన్నే ఎప్పుడుండాది రాజమ్మా?" అన్నాడు.

ఆకు మాట

అనుమానించినట్టే క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేశారు. ఎడమ పక్క చెంప కొంత, దవడ కొంత, బకెట్టు ఎత్తిన పళ్ళలో సగం పోయాయి. తర్వాత కరెంటు పెట్టారు, రేడియేషన్‌ను మా పక్క అలాగే అంటారు. ఆ రోజుల్లో ఆయన గంజి కూడా మింగలేక గ్లాసు విసిరికొట్టేవాడని రాజమ్మ చెప్పి ఏడ్చేది. నాక్కూడా ఏడుపొచ్చేది. చెప్పలేను అన్నప్పటి నా అనుమానం నిజమైపోతుందేమోనని ఆ ఏడాదంతా భయపడుతూ గడిపాను. పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి బాగున్నాయని వచ్చాయి. ఒకరోజు రాజమ్మ ఓపీ గుమ్మంలో నిలబడి, "సంగటి తిన్నాడు" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరికి వేసుకుని కాసేపు కూర్చున్నాను, సంతోషంతో.

తర్వాత నేను రిటైరయ్యాను.

మొదట చెప్పిన ఆ డాక్టరమ్మాయి కాఫీ ముగించి వెళ్ళబోతూ మరో మాట అంది. "మేడం, ఇక్కడ నోటి పుండ్లున్నవాళ్ళు చాలా తొందరగా వస్తున్నారు. నేను చదివిన చోట ఇలా లేదు. మీరు పెట్టిన పోస్టర్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి." నాకు గర్వం కలిగింది. ఇన్నాళ్ళకు గోడకు నోరొచ్చిందని మురిసిపోయాను.

ఆ మురిపెం సంత దాకా నిలిచింది. ఆకుకూరల కోసం వెళ్తే, పాత గొడుగు కింద మునిరత్నం కనబడ్డాడు. మొహం ఒక పక్కకు లాగింది, మాట కొంచెం ముద్దగా వస్తోంది, గొంతు మాత్రం అదే. ముందు పళ్ళపొడి పొట్లాలు, పక్కన కామంచాకు కట్టలు. నేను జనం వెనక నిలబడ్డాను.

"పొడిలో పొగాకు లే, కాణిపాకం సాక్షి! నోట్లో పుండా? ఉప్పునీళ్ళు పుక్కిలించండి, ఈ ఆకు పప్పు జేసుకోని తినండి. రెండు సంతలు సూడండి. రెండు సంతలు పోయినా పుండు ఉంటే, ఆకు మీకు సెప్తాండాదని అర్థం. ఏమని? ఇది నా పని గాదప్పా, డాక్టరు తావకు పో అని. ఆకు మాట దాటకూడదు. సూడండి నా దవడ. నేను ఆకు మాట రవ్వంత లేటుగా ఇన్నా!"

ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. "మా యత్తకు మూడో సంత నడస్తాండాది."

"అయితే ఆకు నీకు అమ్మను. పో, ఆసుపత్రికి పో. కొత్త డాక్టరమ్మ వచ్చుండాది, సిన్నపిల్ల, మంచి సెయ్యి."

ఆవిడ నిజంగానే ఆసుపత్రి దారి పట్టింది. ఇన్నేళ్ళూ నేను రెండు వారాలు అని గోడ మీద అరిచాను. ఈయన దాన్ని రెండు సంతలు చేసి, డాక్టరు పేరు తీసేసి ఆకు పేరు పెట్టి, చిట్కాగా అమ్మేస్తున్నాడు. చిట్కా కాబట్టి అందరూ పాటిస్తున్నారు. డాక్టరమ్మాయికి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. పోస్టర్లు తీసెయ్యొద్దమ్మా, సంచులు తగిలించుకోవడానికైనా ఉండనీ.

నేను ఊరుకుని వచ్చేసేదాన్నే. ఆయన చివర ఇంకో మాట తగిలించాడు. "ఇంతకీ నన్ను బతికించింది ఎవురు? ఈ ఆకే!"

అది మాత్రం నా వల్ల కాలేదు. కోసి, కుట్టి, కరెంటు పెట్టినవాళ్ళందరి తరఫునా కోపం వచ్చింది. జనం పలచబడ్డాక ముందుకెళ్ళాను. నన్ను చూడగానే తువ్వాలుతో మూతి తుడుచుకుని నవ్వాడు, మిగిలిన సగం నవ్వు.

"ఏమన్నా, నిన్ను బతికించింది ఆకేనా? కాణిపాకంలో చెప్తావా?"

అటూ ఇటూ చూశాడు. ఒక కామంచాకు కట్ట తీసి నా సంచిలో పెట్టాడు. గొంతు బాగా తగ్గించాడు.

"సంత రోజు అడగద్దు డాక్టరమ్మా. రేపడుగు, సెప్తా."